తీగెల పటం

దూరపు ఊరి నుంచి మీ ఇంటికి చుట్టం ఒకాయన వస్తున్నాడనుకోండి. బస్సు దిగి మీ ఇల్లు ఎలా చేరాలో కాగితం మీద గీసి పంపమని నాన్నగారు మీతో చెప్పారు. అప్పుడు మీరేం గీస్తారు? దారిలో ఉన్న ప్రతి చెట్టూ, ప్రతి అరుగూ గీస్తూ కూర్చోరు గదా! బస్సుస్టాండు, దాని ఎదురుగా పెద్ద వీధి, వీధి చివర రామాలయం, గుడి పక్క సందు, సందులో మూడో ఇల్లు. ఇంతే గీస్తారు. సందు కాస్త వంకరగా ఉన్నా మీరు తిన్నగానే గీస్తారు. ఎందుకంటే చుట్టానికి కావలసింది ఊరి ఫోటో కాదు, దారి.

విద్యుత్తు నడిచే దారికి గీసే పటం కూడా ఇలాంటిదే. దాన్ని సర్క్యూటు పటం అంటారు. టార్చిలైటు మొదలు రేడియో, టెలివిజను, సెల్‌ఫోను దాకా, విద్యుత్తుతో పనిచేసే ప్రతి యంత్రానికీ ఇలాంటి పటం ఒకటి ఉంటుంది. యంత్రాన్ని తయారుచేసేవారు దాన్ని చూసి తయారుచేస్తారు. అది చెడిపోతే బాగుచేసేవారు దాన్ని చూసి బాగుచేస్తారు. పటం గీసినవారొకరు, చదివేవారొకరు. చదివేటప్పుడు గీసినవారు పక్కన ఉండరు. కాబట్టి చెప్పవలసినదంతా పటమే చెప్పాలి.

పటంలో తప్పు లేకపోతే చాలు, చూడటానికి ఎలా ఉంటేనేం అని కొందరనుకుంటారు. ఇది సరి కాదు. పూర్వం మన తాళపత్ర గ్రంథాలలో మాటకూ మాటకూ మధ్య ఖాళీ విడిచేవారు కారు. అక్షరాలన్నీ వరసగా కలిసిపోయి ఉండేవి. అందులో తప్పు ఏమీ లేకపోయినా, అలవాటు లేనివాడు దాన్ని చదవాలంటే నానా అవస్థా పడాలి. ఆ గ్రంథాన్నే ఈనాటి పద్ధతిలో ఖాళీలూ, పేరాలూ పెట్టి అచ్చువేస్తే ఆరవ తరగతి కుర్రవాడు కూడా గబగబా చదువుతాడు. సర్క్యూటు పటం సంగతీ అంతే.

పటాన్ని తేలికగా అర్థమయేటట్టు గీస్తే ఎంత మేలు జరుగుతుందో చెప్పడానికి లండను నగరంలో జరిగిన ఒక సంగతి ఉన్నది. అక్కడ నేల కింద సొరంగాలలో రైళ్ళు నడుస్తాయి. మొదట ఆ రైలు మార్గాల పటాన్ని, భూమి మీద అవి ఎలా వంకరలు తిరిగాయో అలాగే గీసేవారు. నగరం మధ్య స్టేషన్లన్నీ ఇరుకుగా, ఒకదాని మీద ఒకటి పడ్డట్టు ఉండేవి. ఆ రైళ్ళ సిగ్నళ్ళ కార్యాలయంలో పటాలు గీసే పని చేసిన హారీ బెక్ అనే ఆయన 1931లో కొత్త పటం గీశాడు. అందులో గీతలన్నీ అడ్డంగానో, నిలువుగానో, 45 డిగ్రీల వాలుగానో ఉన్నాయి. స్టేషన్ల మధ్య దూరాలను ఆయన లెక్కచెయ్యలేదు. నేల మీది వస్తువులలో థేమ్స్ నదిని మాత్రమే ఉంచాడు. పైవారు మొదట ఈ పటాన్ని ఒప్పుకోలేదు. కాని 1933లో దాన్ని అచ్చువేసి ప్రయాణికులకు పంచితే జనం ఎంతో ఇష్టపడ్డారు. ఈనాటికీ లండను రైళ్ళ పటం ఆ పద్ధతిలోనే ఉన్నది. సొరంగంలో పోయేవాడికి పైన వీధి ఎటు తిరిగిందో అక్కరలేదు. ఎక్కడ ఎక్కాలి, ఎక్కడ మారాలి, ఎక్కడ దిగాలి, ఇవి తెలిస్తే చాలు.

ఇప్పుడు మనం కూడా ఒక కాగితం, పెన్సిలు, స్కేలు తీసుకుని పని మొదలుపెడదాం. ముందు గుర్తులు నేర్చుకోవాలి. బాటరీ సెల్లుకు గుర్తు రెండు సమాంతరపు గీతలు. పొడుగు గీత ధన ధ్రువం, పొట్టి గీత ఋణ ధ్రువం. బల్బుకు గుర్తు సున్న, అందులో ఇంటూ గుర్తు. స్విచ్చికి గుర్తు తలుపులాగా తెరుచుకున్న చిన్న గీత. కరెంటును అదుపులో పెట్టే రెసిస్టరుకు కొన్ని దేశాలలో రంపపు పళ్ళలాటి గీత వేస్తారు, కొన్ని దేశాలలో చిన్న పెట్టె గీస్తారు. రెండూ ఒకటే. అయితే ఒకే పటంలో ఒకచోట రంపపు పళ్ళు, మరొకచోట పెట్టె వేస్తే, ఇవి రెండు వేరు వేరు వస్తువులు కాబోలునని చదివేవాడు తికమకపడతాడు. కరెంటును కాసేపు దాచి ఉంచే కెపాసిటరుకు ఎదురెదురుగా రెండు సమానమైన గీతలు గుర్తు. దీన్నే మన మెకానిక్కులు కండెన్సరు అంటారు. మీ ఫ్యానులో కూడా ఒకటి ఉంటుంది.

గుర్తులు అక్షరాల వంటివి. అక్షరాలు వచ్చినంత మాత్రాన ఉత్తరం రాయడం రాదు. ఉత్తరం రాయడానికి కొన్ని పద్ధతులున్నట్టే, పటం గీయడానికీ కొన్ని పద్ధతులున్నాయి.

మొదటిది, ధన ధ్రువపు గీత పైన, ఋణ ధ్రువపు గీత కింద ఉండాలి. మేడ మీద నీళ్ళ టాంకు ఉంటే, నీళ్ళు గొట్టాల గుండా కిందికి వస్తాయి. పటంలో కరెంటు కూడా అలాగే పైనుంచి కిందికి దిగుతున్నట్టు కనిపిస్తే, కంటికి వెతుకులాట ఉండదు.

రెండవది, పని ఎడమనుంచి కుడికి నడవాలి. మనం తెలుగు చదివేది అలాగే గదా! రేడియో పటంలో ఏరియలు ఎడమవైపున ఉంటుంది, లౌడ్‌స్పీకరు కుడివైపున ఉంటుంది. ఏరియలులో పడ్డ సన్నని సంకేతం ఒక్కొక్క మెట్టే బలపడుతూ, చివరకు పాటగా బయటికి వస్తుంది. పటాన్ని ఎడమనుంచి చూస్తూపోతే కథ చదివినట్టే ఉంటుంది.

మూడవది చాలా ముఖ్యమైనది. రెండు తీగెలు ఒకదాన్నొకటి దాటిపోవడం వేరు, రెండూ కలవడం వేరు. రైలు వంతెన కింద నుంచి ఎడ్లబండి పోతుంది. రైలు దారీ, బండి దారీ ఒకచోట దాటుకున్నాయే గాని కలవలేదు. విజయవాడ, కాజీపేట, గుంతకల్లు వంటి జంక్షన్లలో అలా కాదు. అక్కడ దారులు నిజంగానే కలుస్తాయి. ఒక దారిన వచ్చిన బండి మరో దారిన పోగలదు. పటంలో ఈ తేడా ఎలా తెలుస్తుంది? తీగెలు కలిసేచోట నల్లని చుక్క పెడతారు. చుక్క లేకపోతే కలవలేదన్నమాట.

మీ అక్కయ్య వాకిట్లో మెలికల ముగ్గు వేసేటప్పుడు చూడండి. ముందు చుక్కలు పెట్టి, వాటికి తగలకుండా చుట్టూ గీతలు తిప్పుతుంది. గీతలు ఎన్నోచోట్ల దాటుకుంటాయి. ముగ్గుకు అందమే అది. కాని సర్క్యూటు పటం ముగ్గులాగా ఉండకూడదు. ఇందులో గీతలు ఎంత తక్కువగా దాటుకుంటే అంత మంచిది. చుక్క ఉన్నచోట గీత దాన్ని తాకి తీరాలి.

ఇక్కడ ఒక చిక్కున్నది. నాలుగు వైపుల నుంచి నాలుగు గీతలు వచ్చి ఒకే చుక్క దగ్గర కలిసినట్టు గీశారనుకోండి. పటాన్ని నకలు తీసేటప్పుడు ఆ చుక్క సరిగా పడకపోతే ఏమవుతుంది? కలిసిన తీగెలు దాటిపోయినట్టు కనిపిస్తాయి! ఉట్టి కూడలి మీద సిరాబొట్టు పడితే, దాటిపోయిన తీగెలు కలిసినట్టు కనిపిస్తాయి! అందుకని అనుభవం గలవారు నాలుగు గీతలను ఒకేచోట కలపరు. ఒక గీతను కొంచెం పక్కకు జరిపి, మూడేసి గీతల కూడళ్ళు రెండు చేస్తారు. ఒక గీత వచ్చి మరో గీత దగ్గర ఆగిపోయిందంటే అది కలవక ఏం చేస్తుంది? అప్పుడు చుక్క చెరిగిపోయినా అర్థం చెడదు.

నాలుగవది, ప్రతి వస్తువుకూ పేరూ, కొలతా రాయాలి. రెసిస్టర్లకు ఆర్1, ఆర్2 అనీ, కెపాసిటర్లకు సి1, సి2 అనీ, డయోడ్లకు డి1, డి2 అనీ పేర్లు పెడతారు. బడిలో హాజరుపట్టీ ఉన్నట్టే ఇదీను. ‘ఆ మూలనున్న రెసిస్టరు’ అనడానికి బదులు ‘ఆర్2’ అంటే చాలు.

కొలత రాయడంలో జాగ్రత్త లేకపోతే ఎంత నష్టమో చూడండి. 9 వోల్టుల బాటరీతో ఒక చిన్న ఎర్ర ఎల్.ఇ.డి. దీపం వెలిగించాలి. ఆ దీపం సుమారు 2 వోల్టులు తీసుకుంటుంది. మిగిలిన 7 వోల్టులూ రెసిస్టరు మీద పడతాయి. జర్మనీ దేశపు శాస్త్రజ్ఞుడు ఓమ్ 1827లో ప్రకటించిన సూత్రం ప్రకారం, వోల్టులను ఓమ్‌లతో భాగిస్తే కరెంటు వస్తుంది. రెసిస్టరు 470 ఓమ్‌లైతే కరెంటు సుమారు 15 మిల్లీ ఆంపియర్లు. దీపం హాయిగా వెలుగుతుంది. 470లో సున్న సరిగా కనిపించక చదివేవాడు 47 ఓమ్‌లు పెట్టాడనుకోండి. కరెంటు 150 మిల్లీ ఆంపియర్లకు దగ్గరగా పోతుంది! అలాంటి చిన్న దీపాలు మామూలుగా తట్టుకునేది 20 లేక 30 మిల్లీ ఆంపియర్లే. దీపం కాసేపు మితిమీరి వెలిగి మాడిపోతుంది.

దశాంశపు చుక్కతో ఇంకా ప్రమాదం. 4.7 కిలో ఓమ్‌లు అని రాస్తే, చుక్క చెరిగిపోయి 47 కిలో ఓమ్‌లు కావచ్చు. అందుకని చుక్క ఉండవలసిన చోట ‘కె’ అక్షరాన్నే పెట్టి, 4కె7 అని రాస్తారు. చుక్క చెరిగినా తెలియదు గాని, అక్షరం చెరిగితే వెంటనే తెలుస్తుంది. ఎంత చిన్న ఉపాయమో చూశారా?

అయిదవది, వస్తువు ఆకారాన్ని బట్టి కాక, అది చేసే పనిని బట్టి గీయాలి. దీనికి మంచి ఉదాహరణ 555 అనే ఐ.సి. దీన్ని హాన్స్ కామెంజిండ్ అనే ఇంజనీరు 1971లో రూపొందించాడు. సిగ్నెటిక్స్ అనే అమెరికా కంపెనీ 1972లో దాన్ని అమ్మకానికి పెట్టింది. ఇన్నేళ్ళు గడిచినా ఇప్పటికీ అది తయారవుతూనే ఉన్నది. చూడటానికి ఎనిమిది కాళ్ళున్న నల్లని పురుగులా ఉంటుంది. గాటు ఉన్న వైపు పైకి పెడితే, ఎడమవైపున పైనుంచి కిందికి 1, 2, 3, 4 కాళ్ళూ, కుడివైపున కిందినుంచి పైకి 5, 6, 7, 8 కాళ్ళూ ఉంటాయి.

దీనితో సెకనుకు సుమారు ఒకసారి మినుకుమనే దీపం చేయవచ్చు. కాని కాళ్ళను పురుగు మీద ఉన్న వరసలోనే పటంలో గీశారంటే గందరగోళమే. బాటరీ ధన ధ్రువానికి పోయే 8వ కాలు, ఋణ ధ్రువానికి పోయే 1వ కాలు, రెండూ పక్కపక్కనే ఉంటాయి. ఒకదానితో ఒకటి కలవవలసిన 2, 6 కాళ్ళేమో చెరొకవైపున ఉంటాయి. తీగెలు పురుగు చుట్టూ తిరగక తప్పదు.

తెలిసినవారు ఏం చేస్తారంటే, నడుమ ఒక పెద్ద పెట్టె గీస్తారు. 8, 4 కాళ్ళు పెట్టె పైభాగాన పెట్టి, ధన ధ్రువపు గీతకు కలుపుతారు. 1వ కాలు అడుగున పెట్టి, ఋణ ధ్రువపు గీతకు కలుపుతారు. 7, 6, 2 కాళ్ళు ఎడమవైపున, దీపాన్ని నడిపే 3వ కాలు కుడివైపున పెడతారు. 5వ కాలు నుంచి 0.01 మైక్రోఫారడ్ల కెపాసిటరు సి2 కింది గీతకు పోతుంది. 3వ కాలు నుంచి 470 ఓమ్‌ల ఆర్3, ఆ తరవాత దీపం, కింది గీతకు దిగుతాయి. ఎడమ పక్కన పైనుంచి కిందికి వరసగా మూడు వస్తువులు: 1 కిలో ఓమ్ గల ఆర్1, 68 కిలో ఓమ్‌లు గల ఆర్2, 10 మైక్రోఫారడ్ల కెపాసిటరు సి1. ఆర్1, ఆర్2 కలిసేచోటికి 7వ కాలూ, ఆర్2, సి1 కలిసేచోటికి 6, 2 కాళ్ళూ పోతాయి.

ఇప్పుడు ఆ ఎడమ వరసను చూడండి. అది నీళ్ళ టాంకు కథలాగే ఉన్నది గదూ? పైనుంచి కరెంటు ఆర్1, ఆర్2ల గుండా దిగి సి1 అనే తొట్టిని నింపుతుంది. తొట్టి నిండుతున్నంతసేపూ దీపం వెలుగుతుంది. బాటరీ వోల్టులలో మూడింట రెండు వంతులు నిండగానే, 6వ కాలు ఆ సంగతి కనిపెడుతుంది. దీపం ఆరి, 7వ కాలు తూము తెరుచుకుంటుంది. తొట్టి ఆర్2 గుండా ఖాళీ కావడం మొదలుపెడుతుంది. మూడింట ఒక వంతుకు దిగగానే 2వ కాలు కనిపెట్టి తూము మూయిస్తుంది. మళ్ళీ తొట్టి నిండుతుంది, మళ్ళీ దీపం వెలుగుతుంది. పటం సరిగా గీస్తే, యంత్రం పనిచేసే విధం కూడా అందులోనే కనిపిస్తుంది. పురుగు ఆకారంలో గీసిన పటంలోనూ తీగెలన్నీ సరిగానే ఉండవచ్చు, కాని ఈ కథ మాత్రం కనిపించదు.

పెద్ద యంత్రాలకు ఇంకో పద్ధతి పాటిస్తారు. వ్యాసానికి పేరాలున్నట్టే, పటాన్ని భాగాలు చేసి, బాటరీ భాగం ఒకచోట, ధ్వని పెంచే భాగం ఒకచోట, మధ్య కాస్త ఖాళీ విడిచి గీస్తారు. కాగితం ఈ చివరినుంచి ఆ చివరికి పొడుగాటి తీగె లాగడానికి బదులు, రెండు కొసల దగ్గరా ఒకే పేరు రాస్తారు. ఆ పేరున్న కొసలన్నీ కలిసినట్టే లెక్క. అయితే పక్కపక్కనే ఉన్న వస్తువులకు కూడా ఇలా పేర్లే రాసి తీగె గీయకపోతే, చదివేవాడు పేర్ల కోసం వెతుక్కుంటూ కూర్చోవాలి. దగ్గరివాటికి తీగె, దూరపువాటికి పేరు. ఇదీ మర్యాద.

ఇదంతా ఆటబొమ్మలకు సంబంధించిన సంగతి మాత్రమే కాదు. దీనిలో ప్రాణాలకు సంబంధించిన సంగతి కూడా ఉన్నది. మన ఇళ్ళకు వచ్చే కరెంటు 230 వోల్టులది. అది రెండు తీగెల మీద వస్తుంది. షాకు కొట్టే తీగెను ఫేజు అంటారు, రెండవదాన్ని న్యూట్రలు అంటారు. ఫేజు ముందు స్విచ్చికి వచ్చి, అక్కణ్ణించి బల్బుకు పోయి, తరవాత న్యూట్రలులో కలవాలి. పొరపాటున ఫేజు తిన్నగా బల్బుకు పోయి, స్విచ్చి న్యూట్రలు వైపున పడిందనుకోండి. స్విచ్చి వేస్తే బల్బు వెలుగుతుంది, తీస్తే ఆరుతుంది. ఎవరికీ అనుమానం రాదు. కాని స్విచ్చి తీసి ఉన్నప్పుడు కూడా హోల్డరులో ఫేజు ఉంటుంది. మాడిపోయిన బల్బు మార్చడానికి స్టూలు ఎక్కినవాడు, స్విచ్చి తీసే ఉన్నదన్న ధైర్యంతో చెయ్యి పెడితే ప్రాణం మీదికి వస్తుంది.

ఇప్పుడు దీనికి పటం గీయండి. పైన ఫేజు గీత, కింద న్యూట్రలు గీత, మధ్య ప్రతి దీపానికీ ఒక నిచ్చెన మెట్టులాగా నిలువు గీత. స్విచ్చి పైన, బల్బు కింద ఉంటే క్షేమం. ఏ గీతలోనైనా బల్బు పైన, స్విచ్చి కింద ఉంటే, ఆ తప్పు చంటిపిల్లవాడికి కూడా కనిపిస్తుంది. అదే పటాన్ని అడ్డదిడ్డంగా గీస్తే, చెయ్యి తిరిగిన పనివాడు కూడా దాన్ని పోల్చలేకపోవచ్చు. తప్పు దాక్కోవడానికి చోటు లేకుండా గీయడమే మంచి పటానికి లక్షణం. ఈ పరీక్ష కాగితం మీద మాత్రమే చెయ్యాలి సుమా! ఇంట్లో స్విచ్చిబోర్డు జోలికి పోరాదు. అందులో అనుమానం ఉంటే పెద్దలతో చెప్పి, పని తెలిసిన ఎలక్ట్రీషియను చేత చూపించాలి. మీ ప్రయోగాలన్నీ చిన్న బాటరీలతోనే చేసుకోండి.

మీ పటం బాగున్నదో లేదో తెలుసుకోవడానికి ఒక తేలిక పరీక్ష ఉన్నది. మినుకుదీపం పటాన్ని రెండు కాగితాల మీద గీయండి. ఒకదాని మీద 555 కాళ్ళు పురుగు మీద ఉన్న వరసలోనే ఉండాలి. రెండవదాని మీద పైన చెప్పిన పద్ధతిలో ఉండాలి. ఒక కాగితాన్ని ఒక స్నేహితుడికీ, రెండవదాన్ని మరొకరికీ ఇవ్వండి. ‘ధన ధ్రువం నుంచి సి1 దాకా వేలితో దారి చూపించు’ అని అడిగి, గడియారం చూడండి. మీరు మాత్రం నోరు విప్పకూడదు. ఎవరు ఎక్కడ ఆగి ఆలోచిస్తారో, అక్కడ మీ పటంలో ఏదో లోపం ఉన్నదన్నమాట. చదివేవాడికి తెలివిలేదని నవ్వకుండా, ఆ చోటు చెరిపి మళ్ళీ గీయండి. చివరకు కాగితం మూల మీ పేరూ, తేదీ వేయండి. రేపు మీరే దాన్ని మార్చి గీస్తే, ఏది కొత్తదో, ఏది పాతదో తేదీయే చెబుతుంది.

ఈ నెల ప్రశ్న: మేడ మెట్లకు ఒకటే దీపం. మెట్ల కింద ఒక స్విచ్చి, పైన ఒక స్విచ్చి. ఏ స్విచ్చి నొక్కినా, వెలుగుతున్న దీపం ఆరాలి, ఆరిన దీపం వెలగాలి. ఒక్కొక్క స్విచ్చికీ మూడు కొసలున్నాయి. నడిమి కొస, పక్కనున్న రెండు కొసలలో ఏదో ఒకదానితో కలుస్తుంది. రెండు టార్చి సెల్లులూ, చిన్న బల్బూ వాడినట్టు దీనికి పటం గీయండి. నియమం ఒక్కటే: పటంలో ఏ తీగే మరో తీగెను దాటకూడదు. ప్రయత్నిస్తే తప్పక వస్తుంది!